బహుళ సూత్రం: నిర్బంధ శ్రమ ఒడంబడిక, వలస దేశాలు

వెట్టిచాకిరీని గురించి మన సాహిత్య సభల్లో మాట్లాడేటప్పుడు రెండు రకాల మాటలు వినిపిస్తూ ఉంటాయి. కొందరు "నిర్బంధ శ్రమను 1930 లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ నిషేధించింది" అని ఒక వాక్యం చెప్పి ముందుకు సాగిపోతారు. పరిశోధనా వ్యాసాల్లో కూడా ఈ వాక్యం తరచు ఎదురవుతుంది. మరికొందరు, ముఖ్యంగా మన సంఘంలోని మిత్రులు, "సామ్రాజ్యవాదులు జెనీవాలో కూర్చుని తమలో తాము రాసుకున్న కాగితం అది, దాన్ని చదవడం దండగ" అని తీసిపారేస్తారు. ఉభయులూ ఆ కాగితాన్ని చదవలేదనే నా అనుమానం. దానిలో ఉన్నవి ముప్పై మూడు అధికరణాలు. ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. చదివితే, అది నిషేధ పత్రం కాదని, బూటకమని కొట్టివేయడానికీ వీల్లేదని తెలుస్తుంది. అంతకంటే చిక్కైన వస్తువు అది. వెట్టి మీద కథలు, నవలలు రాసేవారూ, వాటిని విమర్శించేవారూ ఆ చిక్కును తెలుసుకోవడం అవసరమని నమ్మి ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1919 లో కుదిరిన వర్సేల్స్ సంధిలో పదమూడో భాగం కార్మికులకు సంబంధించినది. అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టింది అందులోనే. రష్యాలో కార్మికవర్గం అధికారానికి వచ్చి అప్పటికి రెండేళ్ళు నిండలేదు. యూరప్ నగరాల్లో సమ్మెలు చెలరేగుతున్నాయి. కార్మికులకు కొంతైనా ఇవ్వకపోతే మొత్తం పోతుందన్న భయం పాలకవర్గాలకు పట్టుకుంది. ఎనిమిది గంటల పనిదినం వంటి ప్రమాణాలు ఆ భయంలోంచి వచ్చాయి. అయితే సంధి మీద సంతకాలు చేసిన బ్రిటన్, ఫ్రాన్సు, బెల్జియం, పోర్చుగల్ దేశాలకు సొంత గడ్డకు ఎన్నో రెట్లు పెద్దవైన వలస రాజ్యాలు ఉన్నాయి. లండన్ కార్మికుడికి ఇచ్చిన హామీ నైజీరియా కూలీకి వర్తిస్తుందా అన్న ప్రశ్న రాక తప్పదు. దానికి సమాధానంగా రాసినది 421వ అధికరణం.

ఆ అధికరణం సారాంశం ఇది. సభ్యదేశం తాను ధ్రువీకరించిన ఒడంబడికలను, పూర్తి స్వపరిపాలన లేని తన వలసలకూ రక్షిత రాజ్యాలకూ కూడా వర్తింపజేయాలి. స్థానిక పరిస్థితులవల్ల అది వర్తింపజేయ వీలులేనిదైతే మానుకోవచ్చు. లేదా స్థానిక పరిస్థితులకు తగినట్టు మార్పులు చేసుకుని వర్తింపజేయవచ్చు. ఏం చేసిందీ సంస్థకు తెలియజేస్తే చాలు.

నేను బడిలో వ్యాకరణం చెప్పేవాణ్ణి గనుక నాకు ఇక్కడ చిన్నయసూరి గుర్తుకు వస్తాడు. బాలవ్యాకరణంలో సంధికార్యం కొన్నిచోట్ల నిత్యం, కొన్నిచోట్ల వైకల్పికం, కొన్నిచోట్ల బహుళం. బహుళమంటే ఏమిటో మన విద్యార్థులకు తెలుసు. ఒకచోట కార్యం జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట ఐచ్ఛికం, మరొకచోట వేరే రూపమే వస్తుంది. వర్సేల్స్ వారు తమ సంధికి రాసుకున్నది కూడా సరిగ్గా ఇదే. సొంత దేశంలో నిత్యం, వలసలో బహుళం. తేడా ఏమిటంటే సూరి లక్ష్యాన్ని చూసి లక్షణం రాశాడు. వీళ్ళు ముందు లక్షణం రాసుకుని, దానికి సరిపడేటట్టు లక్ష్యాన్ని నిలబెట్టారు. "స్థానిక పరిస్థితులు" అంటే ఏవో నిర్ణయించేది ఎవరు? ఆ పరిస్థితులను సృష్టించిన వలస ప్రభుత్వమే.

ఇందులో మన దేశం స్థానం మరీ విచిత్రం. ఇండియా వలస దేశమై ఉండి కూడా ఆ సంస్థలో మొదటినుంచీ సభ్యదేశం. 1919 లో వాషింగ్టన్‌లో జరిగిన మొదటి మహాసభకు కార్మిక ప్రతినిధిగా ఎన్.ఎం.జోషి వెళ్ళాడు. మరుసటి ఏడు బొంబాయిలో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడటానికి ఉన్న కారణాల్లో, జెనీవాకు పంపే ప్రతినిధిని ఎంపిక చేయగల సంఘం కావలసిరావడం ఒకటి. ఇది ఆ బూటకపు కాగితం మనకు చేసిన మేలు అని చెప్పుకోవాలి. ఇక వాషింగ్టన్‌లో ఆమోదించిన పనిగంటల ఒడంబడిక ప్రపంచానికి వారానికి 48 గంటలని చెప్పి, బ్రిటిష్ ఇండియాకు ప్రత్యేకంగా ఒక అధికరణం చేర్చి 60 గంటలుగా నిర్ణయించింది. అదీ ఫ్యాక్టరీ చట్టం కిందికి వచ్చే మిల్లులకూ, గనులకూ, రైల్వేలో కొన్ని శాఖలకూ మాత్రమే. పొలంలో పనిచేసేవాడు లెక్కలోనే లేడు.

పనిగంటల సంగతి అలా ఉంచుదాం. వలసలో అసలు సమస్య ఎన్ని గంటలు పనిచేయాలన్నది కాదు, ఇష్టం లేకపోయినా పనిచేయాలా వద్దా అన్నది. ఆఫ్రికాలో రోడ్లు, రైలుమార్గాలు, రేవులు, తోటలు కూలి పెట్టి కట్టినవి కావు. జనాన్ని తోలుకువచ్చి కట్టించినవి. 1926 సెప్టెంబరులో నానాజాతి సమితి బానిసత్వ ఒడంబడికను తెచ్చినప్పుడు దాని అయిదో అధికరణంలో నిర్బంధ శ్రమను కూడా ప్రస్తావించవలసి వచ్చింది. ప్రజోపయోగానికి తప్ప నిర్బంధ శ్రమ తీసుకోరాదని అక్కడ రాశారు.

ఆ ఒడంబడిక మీద ఇండియా తరఫున సంతకం పెడుతూ బ్రిటిష్ పాలకులు చేర్చిన షరతును తెలంగాణ సాహిత్యం చదివే ప్రతివారూ తెలుసుకోవాలి. బానిసత్వాన్ని క్రమంగా నిర్మూలించాలన్న క్లాజూ, అయిదు, ఆరు, ఏడు అధికరణాలూ బర్మా, అస్సాముల్లోని కొన్ని కొండ ప్రాంతాలకు వర్తించవన్నారు. చక్రవర్తి ఆధిపత్యం కింద ఉన్న స్వదేశీ రాజుల, సంస్థానాధిపతుల ప్రాంతాలకూ వర్తించవన్నారు. ఆ సంస్థానాల్లోకెల్లా పెద్దది హైదరాబాదు. 1921 జనాభా లెక్కల ప్రకారం అక్కడి ప్రజలు కోటీ ఇరవై లక్షలకు పైన. జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన 1930 లో నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ మొదటిసారి సమావేశమయ్యేనాటికే, జెనీవాలో దాని ప్రజలను ఆ ఒడంబడిక పరిధినుంచి తప్పించే పని పూర్తయిపోయింది. చాకలి, కుమ్మరి, మాల, మాదిగ కులాలు దొరకూ, ఊరికి వచ్చిన తహసీలుదారుకూ, గిర్దావరుకూ ఊరికే చేయవలసివచ్చిన పనులన్నీ, ప్రపంచం ముందు, రాజుగారి సొంత వ్యవహారంగా ఉండిపోయాయి. వెట్టి నిజాం పాలనలోని భూస్వామ్య క్రౌర్యమని మన నవలలు చెప్పాయి. అది నిజమే. దానికి ఢిల్లీ, లండన్‌ల సంతకం కూడా ఉందని చెప్పిన నవల మాత్రం నాకు కనిపించలేదు.

బానిసత్వ ఒడంబడిక వదిలేసిన పనిని కార్మిక సంస్థ చేపట్టింది. ఫ్రెంచి సోషలిస్టు ఆల్బర్ట్ తోమా అప్పుడు దాని డైరెక్టరు. నిపుణుల సంఘం వేశారు, 1929 మహాసభలో తొలి చర్చ జరిగింది, 1930 జూన్ 28 న 29వ నంబరు ఒడంబడిక ఆమోదం పొందింది. వలస రాజ్యాలున్న ఫ్రాన్సు, బెల్జియం, పోర్చుగల్ ప్రభుత్వాలు ఓటు వేయకుండా తటస్థంగా ఉన్నాయి.

ఇక పాఠంలోకి వద్దాం. రెండో అధికరణం నిర్వచనం. ఏదో ఒక శిక్ష పడుతుందన్న బెదిరింపు కింద, తాను స్వచ్ఛందంగా ముందుకు రాకపోయినా, ఒక మనిషి చేత చేయించుకునే పని లేక సేవ ఏదైనా నిర్బంధ శ్రమే. నిర్వచనంగా ఇది చాలా గట్టిది. కొరడా, జైలు, జరిమానా ఏదన్నది ముఖ్యం కాదు, బెదిరింపు ఉంటే చాలు. ప్రభుత్వమా, ప్రైవేటు యజమానా అన్న తేడా కూడా లేదు.

వెంటనే అయిదు మినహాయింపులు వస్తాయి. నిర్బంధ సైనిక సేవలో కేవలం సైనిక స్వభావం గల పని ఒకటి. పూర్తి స్వపరిపాలన గల దేశంలో పౌరుల మామూలు పౌరబాధ్యతలు రెండోది. న్యాయస్థానం శిక్ష వేసినందువల్ల, ప్రభుత్వ పర్యవేక్షణలో, ప్రైవేటువారికి అద్దెకివ్వకుండా చేయించే పని మూడోది. యుద్ధం, కరువు, వరద వంటి ఆపద నాలుగోది. గ్రామస్థులు తమ ఊరి మేలుకోసం, తమతో సంప్రదించిన మీదట చేసే చిన్న చిన్న పనులు అయిదోది. పైకి ఏ ఒక్కటీ అన్యాయంగా కనబడదు. మూడోదాన్ని చూడండి. కోర్టు శిక్ష ఉండాలని అది చెబుతున్నది. మన గుంటూరు జిల్లాలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో ఎరుకలవారిని ఉంచింది కోర్టు తీర్పు కాదు, నేరస్థ తెగల చట్టం. పుట్టిన కులమే నేరం. అక్కడివారిలో చాలామంది చీరాల పొగాకు కంపెనీలో పనిచేశారు. ఒడంబడికలోని ఆ ఒక్క మినహాయింపును పట్టుకుని చూసినా ఆ ఏర్పాటు నిలబడదు. అంటే మినహాయింపులో కూడా పనికివచ్చే పదును ఉంది. కాని దాన్ని పట్టుకుని అడగవలసినవాడు సెటిల్‌మెంటు కంచె లోపల ఉన్నాడు.

అసలు మెలిక మూడో అధికరణం నుంచి మొదలవుతుంది. నిర్బంధ శ్రమను "సాధ్యమైనంత తక్కువ కాలంలో" రూపుమాపాలని చెప్పి, ఈలోగా ప్రజోపయోగ పనులకు దాన్ని ఎలా తీసుకోవచ్చో 24వ అధికరణం దాకా వివరించారు. పద్ధెనిమిదికీ నలభై అయిదుకూ మధ్య వయసున్న ఆరోగ్యవంతులైన మగవారిని మాత్రమే తీసుకోవాలి. ఒక సమాజంలోని అటువంటివారిలో నాలుగోవంతుకు మించి ఒకేసారి తీసుకోరాదు. ఏడాదికి అరవై రోజులు దాటరాదు. కూలి రొక్కంగా ఇవ్వాలి. గనుల్లో భూగర్భంలో పని చేయించరాదు. ఇవన్నీ అప్పటి ఆఫ్రికాలో జరుగుతున్నదానితో పోలిస్తే మేలే. అయితే నిషేధం కోసం వచ్చిన పత్రంలో ఎక్కువ భాగం లెక్కల పుస్తకంగా మారిపోయింది.

ఏడో అధికరణం మీద తెలుగు పాఠకుడు కొంచెం ఆగాలి. స్థానిక పెద్దలను, అంటే తెగ నాయకులను, గురించినది అది. పరిపాలనా బాధ్యత లేని నాయకులు నిర్బంధ శ్రమ తీసుకోరాదంటుంది. ఆ తరువాత, ప్రభుత్వం గుర్తించిన నాయకులకు ఇతరత్రా తగిన జీతం లేకపోతే, నిబంధనలకు లోబడి, వ్యక్తిగత సేవలు పొందవచ్చునంటుంది. తెలంగాణలో పటేల్, పట్వారీలకు వెట్టి చేయించుకునే హక్కు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే పెద్దలు చెప్పే సమాధానం ఇంచుమించు ఇదే కదా. సర్కారు జీతం సరిగా లేదు గనుక ఊరు పోషించాలి. జెనీవా పండితులు మన పటేల్‌ను చూడలేదు. కాని తక్కువ ఖర్చుతో పాలించదలచిన ఏ సామ్రాజ్యమైనా పటేల్‌ను తయారు చేసుకోక తప్పదు. అతని జీతాన్ని కుమ్మరిమీదా చాకలిమీదా రుద్దకా తప్పదు.

ఈ పాఠం నేలమీద ఎలా నడిచిందో చూడటానికి ఫ్రెంచి పశ్చిమాఫ్రికా మంచి ఉదాహరణ. అక్కడి జనం ఫ్రాన్సుకు పౌరులు కారు, ప్రజలు మాత్రమే. వారికి వేరే శిక్షాస్మృతి ఉండేది. న్యాయస్థానంతో పని లేకుండా జిల్లా అధికారే జైలుకు పంపవచ్చు, జరిమానా వేయవచ్చు. దీనికి తోడు 1926 నుంచి "రెండో భాగం" అనే పద్ధతి వచ్చింది. సైన్యానికి ఎంపికచేసిన యువకుల్లో కొందరిని సిపాయిలుగా తీసుకుని, మిగిలినవారిని అదే సైనిక నిర్బంధం కింద రోడ్ల పనికీ, రైలు పనికీ, కాలువల పనికీ పంపేవారు. ఇది నిర్బంధ శ్రమ కాదు, సైనిక సేవ అని ఫ్రాన్సు వాదం. "కేవలం సైనిక స్వభావం గల పని" అని ఒడంబడిక మొదటి మినహాయింపులో "కేవలం" అన్న ఒక్క మాట పెట్టడం ఫ్రాన్సుకు ఎందుకు మింగుడుపడలేదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఒక్క విశేషణం కోసం ఒక సామ్రాజ్యం ఓటు మానుకుంది.

1930 మహాసభలో ఫ్రెంచి ప్రభుత్వం తరఫున ఆ వాదం వినిపించినవాడు సెనెగల్‌కు చెందిన బ్లేజ్ డియాన్. ఫ్రెంచి పార్లమెంటుకు 1914 లో ఎన్నికైన మొదటి నల్లజాతి ఆఫ్రికన్ ఆయన. నల్లవాడి నోట నల్లవాడి నిర్బంధ శ్రమను సమర్థింపజేయడం పాలకుల తెలివి. మరుసటి ఏడే ఆయన వలసల శాఖలో ఉపమంత్రి అయ్యాడు. ఇటువంటి పాత్ర మీద మంచి నవల రావలసింది. ఆయనను ఉత్త ద్రోహిగా చిత్రిస్తే నవల తేలిపోతుంది. తనవాళ్ళకు ఫ్రెంచి పౌరసత్వపు హక్కులకోసం పోరాడినవాడు కూడా ఆయనే.

ఆ రోజుల్లో వలసలో జరుగుతున్నది యూరప్ పాఠకులకు తెలిసింది ప్రభుత్వ నివేదికల ద్వారా కాదు, రచయితల ద్వారా. ఫ్రెంచి గయానాకు చెందిన కుటుంబంలో పుట్టి మధ్య ఆఫ్రికాలో ఉద్యోగం చేసిన రెనె మరాన్ 'బతువాలా' నవలకు 1921 లో గాంకూర్ బహుమతి వచ్చింది. ముందుమాటలో వలస పాలనను దుయ్యబట్టినందుకు ఆయన ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. ఆంద్రె జీద్ కాంగో యాత్ర పుస్తకం 1927 లో వచ్చి, రబ్బరు కంపెనీ గ్రామాల మీద చేస్తున్న దౌర్జన్యాన్ని బయటపెట్టింది. పత్రికా రచయిత ఆల్బర్ట్ లోండ్ర్ 1929 లో ప్రచురించిన పుస్తకంలో కాంగో-ఓషన్ రైలుమార్గం సంగతి రాశాడు. బ్రాజావిల్ నుంచి సముద్రం దాకా దాదాపు 510 కిలోమీటర్లు. 1921 నుంచి 1934 దాకా సాగిన ఆ నిర్మాణంలో చచ్చిపోయినవారు పది వేలకు తగ్గరని అందరూ ఒప్పుకునే మాట. అంతకంటే చాలా ఎక్కువ చెప్పిన అంచనాలూ ఉన్నాయి. జీద్ మొదటినుంచీ వలసవాద వ్యతిరేకి కాడు. ఆయన ప్రకృతిని చూడటానికి వెళ్ళాడు. కళ్ళు మూసుకోనందువల్ల మనుషులను చూశాడు. నిబద్ధత ముందు, పరిశీలన తర్వాత అని పట్టుబట్టే మన మిత్రులు ఈ పుస్తకాన్ని ఒకసారి తిరగేయాలి.

ఫ్రాన్సు ఒడంబడికను ధ్రువీకరించింది 1937 జూన్‌లో, పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వ కాలంలో. నిర్బంధ శ్రమ ఆగిపోయిందా? లేదు. ఐవరీ కోస్టులో కాఫీ, కోకో తోటలున్న తెల్లదొరలకు పరిపాలనాధికారులే కూలీలను పట్టి పంపేవారు. ప్రైవేటువారి లాభం కోసం నిర్బంధ శ్రమ ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదన్నది ఒడంబడికలో ఏ వెసులుబాటూ లేని నిషేధం. అయినా జరిగింది. కూలీల సరఫరా సులువు కావడానికి 1932 లో అప్పర్ వోల్టా అనే వలసనే రద్దుచేసి దానిలో పెద్ద భాగాన్ని ఐవరీ కోస్టులో కలిపారు. ఈనాటి బుర్కినా ఫాసో అదే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ పట్టివేత మరింత పెరిగింది. 1944 లో బ్రాజావిల్‌లో సమావేశమైన వలసాధికారులు నిర్బంధ శ్రమను ఎత్తివేయడానికి గరిష్ఠంగా ఇంకో అయిదేళ్ళు గడువు కావాలన్నారు. 1930 నాటి ఒడంబడిక కూడా అయిదేళ్ళ తర్వాత మళ్ళీ ఆలోచిద్దామన్నదే.

ఆ గడువును తెంచినవాడు ఫెలిక్స్ హుఫూయె బొయినీ. 1946 ఏప్రిల్ 11 నాటి చట్టం ఆయన పేరుమీదే ప్రసిద్ధం. సముద్రాంతర ప్రాంతాల్లో నిర్బంధ శ్రమను అది పూర్తిగా నిషేధించింది. షరతులు లేవు, పరివర్తన దశ లేదు. ఇక్కడ వర్గ దృష్టితో గమనించవలసినది ఒకటుంది. హుఫూయె బొయినీ కూలీ కాడు, స్వయంగా పెద్ద తోటల యజమాని. ఆఫ్రికన్ రైతుల సంఘాన్ని 1944 లో పెట్టాడు. తెల్లవాడి తోటకు సర్కారు ఊరికే కూలీలను తోలిస్తుంటే నల్ల యజమాని తోటకు కూలీ దొరకడు. కాబట్టి నిర్బంధ శ్రమ రద్దు స్థానిక ధనిక రైతుకు కూడా అవసరమైంది. దీనివల్ల ఆ చట్టం విలువ తగ్గదు. తోటల్లోంచి వేలమంది ఇళ్ళకు నడిచి వెళ్ళిపోయారన్నది నిజం. "రెండో భాగం" మాత్రం 1950 దాకా సాగింది.

చట్టం వచ్చిన ఏడాదిన్నరకు, 1947 అక్టోబరులో, డకార్-నైజర్ రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. మార్చి 1948 దాకా, దాదాపు ఇరవై వేలమంది. తెల్ల ఉద్యోగులకూ తమకూ ఒకే సర్వీసు నిబంధనలు ఉండాలన్నది వారి కోరిక. సెంబేన్ ఉస్మాన్ 1960 లో రాసిన 'గాడ్స్ బిట్స్ ఆఫ్ వుడ్' నవల దీని మీదనే. ఆ నవలను మనవాళ్ళు ఎక్కువగా సమ్మె నవలగా, స్త్రీల పాదయాత్ర నవలగా చదివారు. నేను దాన్ని "స్థానిక పరిస్థితులు" అన్న మాటకు జవాబుగా కూడా చదువుతాను. ఆఫ్రికావాడి కుటుంబం వేరు, అవసరాలు వేరు, కాబట్టి భత్యాలు వేరు అని కంపెనీ అంటుంది. అది అచ్చంగా 421వ అధికరణం. కార్మికులు ఆ మాటను ఒప్పుకోరు. 1952 డిసెంబరులో ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించిన సముద్రాంతర కార్మిక చట్టం వారానికి నలభై గంటలని అందరికీ ఒకే లెక్క చెప్పింది. దాని వెనుక ఆ సమ్మెలూ, ఆ తర్వాతి సమ్మెలూ ఉన్నాయి.

బెల్జియం, బ్రిటన్‌ల సంగతి త్వరగా చెప్పి ముగించవచ్చు. బెల్జియన్ కాంగోలో ఏడాదికి అరవై రోజులున్న నిర్బంధ సేద్యాన్ని 1942 లో నూట ఇరవై చేశారు. రెండేళ్ళకు, 1944 లో, అదే బెల్జియం ఒడంబడికను ధ్రువీకరించింది. బ్రిటన్ 1931 లోనే ధ్రువీకరించి మంచిపేరు తెచ్చుకుంది. మలయా జపాను చేతికి పోయి తగరం కరువైనప్పుడు, 1942-44 మధ్య, ఉత్తర నైజీరియాలో లక్షమందికి పైగా రైతులను జోస్ పీఠభూమి గనులకు తోలింది. గనులు ప్రైవేటు కంపెనీలవి. పనికి యుద్ధకాలపు ఆపద అని పేరు. నాలుగో మినహాయింపు.

పోర్చుగల్ కథలో చాలా భాగం మాటల మార్పిడి కథ. ఆఫ్రికా స్థానికుడికి పనిచేయడం నైతిక, చట్టబద్ధమైన విధి అని 1899 నాటి కార్మిక నిబంధనలు ప్రకటించాయి. 1928 నాటి చట్టం భాష మార్చింది, పద్ధతి మార్చలేదు. ఏడాదిలో ఆరు నెలలు పనిచేసినట్టు చూపలేనివాణ్ణి సోమరిగా లెక్కగట్టి "ఒప్పందం" మీద పంపేవారు. అంగోలాలో అటువంటివాణ్ణి కొంత్రతాదు అంటారు, ఒప్పందం చేసుకున్నవాడు అని అర్థం. మొజాంబిక్ జనం ఆ పనిని షిబాలు అన్నారు. మన వెట్టిలాగానే ఆ మాటకు అనువాదం అక్కర్లేదు. వలసల ఉన్నత తనిఖీ అధికారి ఎన్రీక్ గల్వావ్ 1947 లో లిస్బన్ చట్టసభకు ఇచ్చిన నివేదికలో, చచ్చినవారికి తప్ప ఈ నిర్బంధం నుంచి ఎవరికీ విముక్తి లేదనే అర్థం వచ్చేటట్టు రాశాడు. ఆయన సలజార్ ప్రభుత్వం మనిషే. తర్వాత ఎదురు తిరిగి 1952 లో జైలుపాలయ్యాడు. కాస్త్రు సొరొమెన్యు 'తెర్రా మోర్తా' నవల 1949 లో బ్రెజిల్‌లో అచ్చయి పోర్చుగల్‌లో నిషేధానికి గురైంది. అంగోలా లోపలి ఒక చిన్న పరిపాలనా కేంద్రం దాని రంగస్థలం. పన్ను వసూలూ, మనుషుల వసూలూ ఒకే ఆఫీసు బల్లమీద ఎలా జరుగుతాయో అందులో చూడవచ్చు.

1951 లో పోర్చుగల్ తన వలసలకు "సముద్రాంతర రాష్ట్రాలు" అని పేరు మార్చింది. వలసలే లేనప్పుడు వలస అధికరణం బాధ లేదు. 1956 లో 29వ ఒడంబడికను ధ్రువీకరించింది. ఆర్థికాభివృద్ధి కోసం, శ్రమ క్రమశిక్షణ కోసం, సమ్మెకు శిక్షగా నిర్బంధ శ్రమ వాడరాదన్న 1957 నాటి 105వ ఒడంబడికను 1959 లో ధ్రువీకరించింది. సంతకానికి ఖర్చేముంది?

ఖర్చు 1961 లో తెలిసింది. ఘనా 1957 లో స్వతంత్రమై, ఆ ఏడే కార్మిక సంస్థలో సభ్యదేశమైంది. తాను ధ్రువీకరించిన ఒడంబడికను ఇంకో సభ్యదేశం ఉల్లంఘిస్తే ఫిర్యాదు చేసే హక్కు సంస్థ రాజ్యాంగంలో మొదటినుంచీ ఉంది. నలభై ఏళ్ళుగా వలస పాలకులు ఒకరిమీద ఒకరు దాన్ని ప్రయోగించే ప్రసక్తి రాలేదు. అంగోలాలోని కసాంజ్ ప్రాంతపు రైతులు నిర్బంధ పత్తిసాగుకు ఎదురుతిరిగి, విమానాలనుంచి బాంబుల పాలైన కొద్ది వారాలకే, 1961 ఫిబ్రవరి 25 న, ఘనా పోర్చుగల్ మీద ఫిర్యాదు చేసింది. ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం ఏర్పడింది. ఆ ఏడు డిసెంబరులో అది అంగోలా, మొజాంబిక్‌లకు వెళ్ళి చూసింది.

విచారణ సంఘం 1962 లో ఇచ్చిన నివేదికను చదివి నిరాశపడ్డవారున్నారు. పోర్చుగల్ చేసిన చట్ట సవరణలు నిజాయితీతో కూడినవేనని అది నమ్మింది. కప్పిపుచ్చడానికే 1957 ఒడంబడికను ధ్రువీకరించిందన్న ఆరోపణను తోసిపుచ్చింది. కాని ఆ సవరణల తేదీలు చూడండి. నిర్బంధ పత్తిసాగు రద్దు 1961 మేలో. ఆఫ్రికన్లను రెండో తరగతి మనుషులుగా ఉంచిన స్థానికుల శాసనం రద్దు 1961 సెప్టెంబరులో. కొత్త గ్రామీణ కార్మిక చట్టం 1962 ఏప్రిల్‌లో. ఇవన్నీ ఫిర్యాదు తర్వాతివి, అంగోలా తిరుగుబాటు తర్వాతివి. పోర్చుగల్ కోపంతో లైబీరియా మీద ఎదురు ఫిర్యాదు వేసింది. అది కూడా నిరాధారమైనది కాదు. 1931 లో ధ్రువీకరించిన లైబీరియా ముప్పై ఏళ్ళదాకా తన చట్టాలను సరిదిద్దుకోలేదు.

కాబట్టి ఆ కాగితం దండగ అన్న మిత్రులతో నేను ఏకీభవించలేను. రాసినవాళ్ళ ఉద్దేశాన్నిబట్టి పాఠం అర్థాన్ని తేల్చేయడం మనం సాహిత్యంలో ఒప్పుకోని పద్ధతి. బాల్జాక్ రాజభక్తుడైనా అతని నవలల్లో బూర్జువా సమాజం దాగలేదని మార్క్స్, ఎంగెల్స్‌లను ఉదహరిస్తూ తరగతుల్లో చెబుతాం. ఒడంబడికకు మాత్రం ఆ న్యాయం ఎందుకు వర్తింపజేయం? దాని నిర్వచనం రాసినవారికంటే పెద్దది. ముప్పై ఏళ్ళపాటు దాన్ని చదివే హక్కు యజమానులకే ఉండటంవల్ల మినహాయింపులు మాత్రమే పనిచేశాయి. ఘనా చేతికి వచ్చాక నిర్వచనం పనిచేయడం మొదలుపెట్టింది. దాని పక్కన కసాంజ్ రైతుల చావులు కూడా ఉన్నాయన్నది మరవకూడదు. ఫిర్యాదు ఒక్కటే ఆ పని చేసిందని నేననను.

మన సంగతి. బ్రిటిష్ ఇండియా ఈ ఒడంబడికను ధ్రువీకరించలేదు. 1946 జూలై 4 న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగి, తెలంగాణలో వెట్టి మీద పోరు సాయుధ రూపం దాల్చి, సంస్థానం అంతరించి, రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించాక, 1954 నవంబరు 30 న భారత ప్రభుత్వం ధ్రువీకరించింది. ఆ అధికరణం ఇంగ్లీషు పాఠంలో 'బేగార్' అన్న మన దేశపు మాటే ఉంది. నిర్బంధ శ్రమ అన్న ఇంగ్లీషు మాట ఒక్కటీ చాలదని రాజ్యాంగ రచయితలకు తోచి ఉండాలి.

1982 లో, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల్లో పనిచేసిన కూలీల కేసులో సుప్రీంకోర్టు ఆ అధికరణాన్ని వ్యాఖ్యానించింది. జస్టిస్ భగవతి రాసిన తీర్పు ప్రకారం బలవంతమంటే కొరడా, చట్టం మాత్రమే కాదు, ఆకలి కూడా. వేరే దారి లేక కనీస వేతనం కంటే తక్కువకు పనిచేసేవాడు చేస్తున్నది నిర్బంధ శ్రమే. 1930 నిర్వచనంలోని "శిక్ష" అన్న మాట పక్కన ఈ తీర్పును పెట్టి చదవమని విద్యార్థులను కోరుతున్నాను. ప్రజల మనిషి, చిల్లర దేవుళ్ళు నవలల్లో దొర గడీకి రోజూ నడిచివచ్చే మనుషుల్లో ఎంతమంది దెబ్బలకు భయపడి వస్తున్నారో, ఎంతమంది గింజలకోసం వస్తున్నారో అప్పుడు లెక్క వేసుకోవచ్చు.

2014 జూన్‌లో జెనీవా మహాసభ 29వ ఒడంబడికకు ఒక అనుబంధం చేర్చింది. పరివర్తన దశ పేరుతో రాసిన మూడు నుంచి ఇరవై నాలుగు దాకా అధికరణాలను దాని ద్వారా తొలగించారు. అరవై రోజుల లెక్క, నాలుగోవంతు మగవారి లెక్క, నాయకులకు వ్యక్తిగత సేవల హక్కు అన్నీ వాటితోనే పోయాయి. రెండో అధికరణంలోని నిర్వచనమూ, దాని కింది అయిదు మినహాయింపులూ అలాగే ఉన్నాయి.